గుల్ల బండ

అందరూ తలెత్తి చూస్తున్నారు.
కప్పుకి అద్దాలు, అద్దాల్లోంచి ఉలుగురు కొండలు,
కొండల మీద ఎప్పటి మబ్బే.
నేను మాత్రం కిందికి చూస్తున్నాను.
ఈ నేల నాది.
నాదంటే కొన్నది కాదు,
మోకాళ్ళ మీద పాకింది.

పదకొండు నెలలు
రెండో ప్లాట్‌ఫాం నుంచి టిక్కెట్ల గది గుమ్మం దాకా
దారం కట్టి, మట్టం చూసి,
రబ్బరు సుత్తితో బుజ్జగించి బుజ్జగించి
మారాం చేసే పిల్లల్ని పడుకోబెట్టినట్టు
ఒక్కో బండనీ పడుకోబెట్టాను.
ఎన్ని వేశావంటే చెప్పలేను.
మోకాళ్ళనడగండి.

ఇవాళ మొరొగోరోలో కొత్త స్టేషను పండగ.
బ్యాండువాళ్ళ బూరల మీద ఎండ పడి కళ్ళల్లో గుచ్చుకుంటోంది.
ఆడవాళ్ళు కొత్త కాంగాలు కట్టుకొచ్చారు.
అంచుల మీద అచ్చేసిన సామెతలు
నడుస్తుంటే సగమే కనపడుతున్నాయి.
"ఓపిక పట్టినవాడు" అని ఉంది ఒకామె నడుం దగ్గర,
ఏం తింటాడో మడతలో ఉండిపోయింది.

పాత స్టేషను దగ్గర వేరుశనగలమ్మే బీ మ్వాంతుముని
గేటు దగ్గరే ఆపేశారు, బుట్టతో రాకూడదని.
"ఈ బండి కిటికీలు తెరుచుకోవట కదా నాయనా,
ఆకలేసినవాళ్ళు చెయ్యెక్కణ్ణుంచి చాపుతారు?"
గార్డు నవ్వాడు.
ఆమె నవ్వలేదు. నిజంగానే అడిగింది.

నేను ఆరో స్తంభం దగ్గర నిలబడ్డాను.
అక్కణ్ణుంచి గోడవైపు మూడో వరసలో
ఒక బండ ఉంది.
పైకి అన్నిటిలాంటిదే.
లోపల గుల్ల.

ఆ మధ్యాహ్నం మాలు పరిచి
బండ చేతుల్లోకి తీసుకున్నాను, పైనుంచి కేక.
కిబ్వానా. ఏడాదిగా నాకు ఇసుక జల్లించినవాడు,
రోజుకి రెండువేల షిల్లింగులు ఎక్కువని
ఆ వారమే కప్పు పనికి మారినవాడు.
ముందు అతని చెప్పు పడింది.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మాలు బిగుసుకుంది.
గీకి తీసేయాలి. తెలుసు.
చేతులు నా మాట వినలేదు, దాని మీదే అద్దేశాను.
మర్నాడు టర్కీ మేస్త్రీ కర్రతో బండబండకీ కొట్టి చూస్తుంటే
వెళ్ళి ఆ ఒక్కదాని మీద నిలబడి
నమాజు వేళయిందేమో అన్నాను.
ఆయన గడియారం చూసుకుని కర్ర పక్కన పెట్టాడు.

రిబ్బను తెగింది.
బూట్లు, చెప్పులు, ఒక్క చెప్పు జారిన పిల్లాడు,
చక్రాల పెట్టెలు.
గర గర గర, డబ్, గర గర.
ఎవరూ ఆగలేదు.
నాకే లోపలొక మెట్టు తప్పింది.

గోడ మీద రాతిఫలకంలో బంగారు అక్షరాల పేర్లు, ఎనిమిది.
రెండుసార్లు చదివాను,
తప్పేమైనా దొర్లిందేమోనని.

అప్పుడొచ్చాడు కిబ్వానా, చంకకర్ర మీద,
ఇస్త్రీ చొక్కాలో, పెళ్ళికొచ్చినట్టు.
"ఊరంతా చూస్తోంది, పడ్డవాణ్ణి నేను చూసుకోవద్దా?"
టక్, టక్, టక్,
డబ్.
ఆగాడు. పని తెలిసిన చెవి ఊరుకోదు.
మళ్ళీ కొట్టాడు. డబ్.
నా మొహంలోకి చూశాడు.
"షొమారీ, ఇది నీ చేతి పనేనా?"
"నీ కాలి పని," అన్నాను.

ఒక్క క్షణం ఏమీ లేదు.
తర్వాత నవ్వాడు చూడండి,
గార్డు ఇటు తిరిగాడు, బ్యాండులో ఒకడు తాళం తప్పాడు,
నేనూ నవ్వాను, ముక్కు తుడుచుకున్నాను.

ఆ గోలలో రైలొచ్చింది, దొంగలా, చప్పుడు లేకుండా.
జనం అటు పరిగెత్తారు.
మేం కదల్లేదు.
"ఎప్పుడో పగులుతుంది," అన్నాను.
"పగిలితే?"
"తీసేసి కొత్తది వేస్తారు."
"అందాకా?"
నాకు తెలీదు.
అతను కర్ర ఎత్తాడు,
ఈసారి మెల్లగా, రెండుసార్లు,
తలుపు తట్టినట్టు.